పురసభ ఆఫీసు ప్లాను గురించి తమ్ముడికి

స్వాన్సీ, వేల్స్
ఆదివారం

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు బెంగళూరు నుంచి పంపిన పురసభ, అదే చిన్న పట్టణ మునిసిపాలిటీ, ఆఫీసు ప్లాను రెండుసార్లు చూశాను. గ్రానైటు, అద్దాలు, అధ్యక్షుల గది అన్నీ బాగా కుదిరాయి. జనం ఎక్కడ నిలబడతారో మాత్రం దొరకలేదు. అందుకే ఈ పొడుగు ఉత్తరం.

గీత గీసే ముందు రెండు వారాలు లెక్క తీయించు. గుమ్మం దగ్గర ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి మనిషినీ మూడే అడగమను: ఏ పని మీద వచ్చారు, ఇదే పనికి రావడం ఎన్నోసారి, పోయినసారి ఎందుకు వెనక్కి వెళ్లారు? సంత రోజు తప్పకుండా లెక్కలోకి రావాలి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల్లోనే నీ ప్లాను ఉంది. జెరాక్స్ లేదన్నారు, పాత పన్ను రసీదు తెమ్మన్నారు, సర్వర్ లేదన్నారు, సార్ సైటుకెళ్లారన్నారు. వీటిలో ఒక్కటీ గ్రానైటుతో తీరేది కాదు.

అన్నిటికంటే ముఖ్యం, గుమ్మం దాటగానే మొదటి బల్ల. టోకెన్ మిషను కూడా దాని తర్వాతే. ఆఫీసులో అన్ని పనులూ తెలిసిన సీనియర్ గుమస్తానే అక్కడ కూర్చోవాలి. కొత్తగా చేరిన పిల్లను పెడితే ఆ అమ్మాయి ప్రతిదానికీ లోపలికి పరిగెడుతుంది, బల్ల ముందే ఇంకో క్యూ తయారవుతుంది. ఆయన చేసే పని ఒక్కటే: కాగితాలు సరిచూసి టోకెన్ ఇవ్వడం. ఏదైనా తక్కువైతే ఏది తక్కువో చీటీ మీద టిక్కు పెట్టి, తేదీ ముద్ర వేసి ఇవ్వడం. ఈ చీటీ విషయంలో పట్టు వదలకు. ప్రభుత్వ సేవలకు గడువు పెట్టే కర్ణాటక సకాల చట్టం కింద అర్జీ తీసుకున్నాకే ఆ గడువు మొదలవుతుంది. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం అడగొచ్చు. కానీ అర్జీ తీసుకోకుండా నోటిమాటతో తిప్పి పంపితే అది ఏ లెక్కలోకీ రాదు. బయట చెట్టు కింద కూర్చునే ఏజెంటు బతుకు గడిచేది ఆ నోటిమాట మీదే.

ఆ బల్ల పక్కనే జెరాక్స్ మిషను, జిగురు సీసా, దారం కట్టిన పెన్నులు, వేలిముద్ర ప్యాడు, వేలు తుడుచుకోవడానికి గుడ్డ. చదువుకోవడానికి +1.5, +2, +2.5 కళ్లజోళ్లు ఒక్కొక్కటి, గొలుసుతో. ఫోను చార్జింగుకు నాలుగు ప్లగ్గులు, ఎందుకంటే ఓటీపీ రావాల్సిన ఫోను ఆ వేళకే చస్తుంది. అన్నీ కలిపి నీ రిసెప్షన్ గోడకి వేసిన రాయి ఖర్చులో పదోవంతు కూడా ఉండదు.

ఇక కౌంటర్లు. నువ్వు నాలుగు గీశావు. గంటకు 40 మంది, మనిషికి 6 నిమిషాలు అనుకో. 240 నిమిషాల పని, అంటే కాగితం మీద నలుగురికి సరిగ్గా సరిపోతుంది. నిజంగా చాలదు. జనం నిమిషన్నరకొకరు చొప్పున రారు, బస్సు దిగి 25 మంది ఒకేసారి వస్తారు. నలుగురూ క్షణం తీరిక లేకుండా పనిచేసినా ఒకసారి పేరుకున్న క్యూ ఇక తరగదు. ఐదో గుమస్తాను పురసభ ఇవ్వదు కాబట్టి 6 నిమిషాలను 4 చెయ్యాలి. అప్పుడు 160 నిమిషాల పని, నలుగురికి ఊపిరి ఆడుతుంది. ఆ రెండు నిమిషాలు మొదటి బల్ల దగ్గరే మిగులుతాయి. భోజనానికి ఇద్దరు ఒంటిగంటకు, ఇద్దరు ఒకటిన్నరకు లేవాలి. ఏప్రిల్లో ఆస్తిపన్ను కడితే 5 శాతం రాయితీ కదా, ఆ నెలకు హాల్లో ఓ మడత బల్ల, దాని దగ్గరకు కరెంటు, నెట్ పాయింట్లు ఇప్పుడే వేసి ఉంచు.

కౌంటరు ఎత్తు 1050 ఎంఎం పెట్టావు. గుమస్తాకు అవతల ఉన్న ముసలమ్మ కొప్పు మాత్రమే కనిపిస్తుంది. 750 చాలు, కింద మోకాళ్లకు 700 ఖాళీ, 500 లోతు. రెండు వైపులా కుర్చీలు వేస్తే చక్రాల కుర్చీ మనిషికి విడిగా కౌంటరు కట్టే పనే ఉండదు. కూర్చున్న మనిషి అరవడు కూడా. అద్దం వద్దు. పెడితే ఇద్దరూ అద్దంలోని రంధ్రం దగ్గరకు వంగి కేకలేసుకుంటారు, వెనక వరుసకు మొత్తం కథ వినపడుతుంది. అర్జీదారు కుర్చీ వెనక కిటికీ వద్దు, ఫోటో తీసేటప్పుడు మొహం నల్లగా పడుతుంది.

బోర్డుల మీద రెవెన్యూ విభాగం, ఆరోగ్య విభాగం అని రాయకు. ఎవరికి తెలుసు అవి? ఖాతా (అక్కడ ఆస్తి రికార్డును అలాగే అంటారు కదా), ఇంటి పన్ను, కొళాయి, పుట్టుక–చావు అని రాయి. పెద్ద అంకె, ఒక రంగు, ఒక బొమ్మ, వాటి కింద కన్నడ అక్షరాలు. చిక్కబళ్లాపురం దాటాక బోర్డు కన్నడం, మాట తెలుగు అని నీకు నేను చెప్పాలా? ఇక్కడి పద్ధతి ఒకటి నాకు నచ్చింది. బోర్డు మీద ముందు వెల్ష్, తర్వాత ఇంగ్లీషు. వెల్ష్ మాట్లాడే ఉద్యోగి బట్టల మీద నారింజ రంగు బ్యాడ్జీ ఉంటుంది, దాన్ని చూసి జనం ధైర్యంగా తమ భాషలో మొదలెడతారు. నీ ఆఫీసులో తెలుగొచ్చిన గుమస్తాకు అలాంటి బ్యాడ్జీ ఒకటి వేయించు. పది రూపాయల పని.

పుట్టుక–చావు కౌంటరు హాల్లో వద్దు. మనవైపు చావును 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, ఇక్కడైతే డాక్టరు పత్రం రిజిస్ట్రారుకు అందాక 5 రోజుల్లోనే. ఏడ్చి వచ్చిన మనిషి టోకెన్ పిలుపుల మధ్య కూర్చోలేడు. 3 మీటర్లు, 3 మీటర్ల గది చాలు. గోడ ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆపితే మాట పైనుంచి పక్క గదిలోకి పోతుంది, స్లాబు దాకా కట్టించు. కాంట్రాక్టరు ఇక్కడే మోసం చేస్తాడు, సీలింగ్ మూయకముందే ఎక్కి చూసుకో. గుమస్తా కుర్చీ తలుపుకు దగ్గరగా ఉండాలి. ఎవరైనా కోపంతో మీదికొస్తే బయటపడే దారి అది. ఇక్కడ టెల్ అస్ వన్స్ అని ఒక ఏర్పాటుంది, చావు సంగతి ఒకచోట చెబితే పింఛను, పన్ను లాంటి శాఖలకు వాళ్లే తెలియజేస్తారు. మనకది చట్టంలో లేకపోయినా, తర్వాత ఎక్కడెక్కడికి ఏ కాగితంతో వెళ్లాలో రాసిన ఒక్క పేజీ ఆ గదిలో ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ర్యాంపు. నీ పునాది ఎత్తు 450 ఎంఎం, అడుగున్నర. 1:12 వాలు, అంటే ఎత్తుకు పన్నెండు రెట్లు పొడవు, 5.4 మీటర్లు, దాదాపు 18 అడుగులు. నువ్వు గీసింది 3 మీటర్లు. దాని మీద చక్రాల కుర్చీని తోసేవాడికి ఆయాసం, దిగేటప్పుడు చేతిలోంచి జారుతుంది. చోటు లేకపోతే వెనక్కి మళ్లించు, మలుపులో 1.5 మీటర్ల చదును వదులు. పైన పాలిష్ గ్రానైటు వద్దు, వానపడితే సబ్బు బిళ్లే. ఫ్లేమ్ చేసిన రాయి, అంటే మంటతో గరుకు చేసింది, వేయించు. ర్యాంపు మొదట్లో బైకులు ఆపుతారు, తప్పదు. గేటులోంచి వచ్చేవాళ్లకు ర్యాంపుకంటే ముందే బైకుల షెడ్డు ఎదురైతే కొంత నయం.

సర్వర్ పోవడం ఆపలేవు. కరెంటు పోతే కంప్యూటర్లకు మాత్రమే యూపీఎస్ ఇస్తారు, నెట్ రౌటరును మర్చిపోతారు. మూల గదిలో ఉంటుంది కాబట్టి ఎవరికీ గుర్తురాదు. టోకెన్ మిషను, రౌటరు రెండూ అదే లైను మీద ఉండాలి. అయినా పనవకపోతే ఆ రోజు టోకెన్ మరుసటి పొద్దున ముందు వరసలో చెల్లుతుందని బోర్డు మీద రాయించు. అరిగిన వేలిముద్రలవాళ్లకు కంటి స్కానరు ఒక్క కౌంటరులోనైనా కావాలి, కూలిపని చేసినవాళ్లలో ఇది మామూలే.

పాత ఫైళ్ల కాంపాక్టర్లు, ఆ పట్టాల మీద జరిగే బీరువాలు, మేడమీద పెట్టావు. కాగితం నిండాక వాటి బరువు మామూలు ఆఫీసు స్లాబు మోసేది కాదు. కిందికి దించు, లేదంటే స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా ముందుకెళ్లకు.

ఇక్కడి నుంచి తీసుకోకూడనిదీ ఉంది. చిన్న ఊళ్లలో కౌన్సిల్ కౌంటర్లు మూసేసి అంతా ఫోనులో, ఆన్‌లైనులో చేసుకోమన్న చోట, ఆ జనం లైబ్రరీకి వెళ్లారు. పుస్తకాలిచ్చేవాళ్లు ఫారాలు నింపేవాళ్లయ్యారు. ముందుగా అపాయింట్‌మెంటు తీసుకుంటేనే రమ్మనడం కూడా అలాంటిదే. పల్లె నుంచి ఒక బస్సులో వచ్చి ఇంకో బస్సులో పోవాల్సినవాడికి పదకొండుంబావు అంటే అర్థం లేదు. ఆఫీసు తెరిచే వేళ ఆ పొద్దుటి బస్సును చూసి పెట్టాలి. గేటు తెరవకముందే వచ్చినవాళ్లకు నీడ, మంచినీళ్లు, కూర్చునే అరుగు వరండాలో ఉండాలి.

లెక్క కాగితాలు వచ్చాక ఫోటోలు పంపు. కుర్చీలు కొనేముందు నాన్నను షాపుకు తీసుకెళ్లు. సీటు 450 ఎత్తు, చేతులున్నవి చూడు. ఆయన మోకాళ్లతో పట్టుకోకుండా లేవగలిగితే ఆర్డరివ్వు, లేకపోతే ఇంకోటి చూడు. అమ్మకు నా నమస్కారాలు, వచ్చే ఆదివారం ఫోను చేస్తానని చెప్పు.

నీ
అక్క