ఆమె ఏం పని చేస్తుందో ఆమెనే అడగండి

సంపాదకులకు నమస్కారం.

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కల కోసం ఒక మాస్టారు మా ఇంటికి వచ్చారు. మాది కొండపి మండలంలో పొగాకు పండించే కుటుంబం. ఫిబ్రవరి అంటే మాకు ఒకపక్క ఆకు రెలుపులు, అంటే కోతలు, ఒకపక్క ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, దాని మంట, మరోపక్క గ్రేడింగ్. నేను పంచలో గోనెపట్టా మీద కూర్చుని తెల్లవారుజాము నుంచి ఆకును రంగుల వారీగా వేరు చేస్తున్నాను. మాస్టారు నా పేరు, వయసు రాసుకుని, నేనేం పని చేస్తానని మా ఆయన్ని అడిగారు. “ఏం లేదు మాస్టారూ, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది” అన్నారాయన. మాస్టారు తలూపి రాసుకున్నారు. నేను లేచి టీ పెట్టి తెచ్చాను. ముందురోజు పచ్చాకు అల్లిన జిగురు ఎంత తోమినా వదలక, గ్లాసు అంచున నా వేళ్ల నలుపు అంటితే చీరచెంగుతో తుడిచి అందించాను.

మా ఆయన నన్ను తక్కువ చేయాలని ఆ మాట అనలేదు. అసలు చెప్పుకోవలసింది దీని గురించే. ఇంటి ఆడది పనికి పోకుండా ఇంటిపట్టున ఉంటుందని చెప్పుకోవడం మా వైపు పరువు. ఆయన పరువుగా చెప్పారు, డిగ్రీ చదివిన నేనూ పరువుగానే విన్నాను. కానీ ఆ పూట నా పక్కనే కూర్చుని అదే కుప్పలోంచి అదే ఆకు గ్రేడ్ చేసిన నలుగురు ఆడకూలీలకు సాయంత్రం కూలి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది నేనే. వాళ్లు చేస్తే పని అయినది, నేను చేస్తే ఎందుకు కాలేదన్న ఆలోచన ఆనాడు నాకు రాలేదు. చాలా ఏళ్ల తర్వాత మా అమ్మాయి కాలేజీ దరఖాస్తులో తల్లి వృత్తి దగ్గర నేను ‘గృహిణి’ అని రాస్తుంటే, “అమ్మా, పొద్దున్నే గేదెల పాలు పితికి కేంద్రంలో పోసి వచ్చేది ఎవరు?” అని అది అడిగినప్పుడు మొదటిసారి నా చెయ్యి ఆగింది.

ఆ తర్వాత వెతికి చదివితే తెలిసింది. 2001లోనూ 2011లోనూ జనాభా లెక్కల నిర్వచనం ప్రకారం, సొంత పొలంలో గానీ కుటుంబ వ్యాపారంలో గానీ కూలి తీసుకోకుండా చేసే పనీ పనే. ఇంట్లో వాడుకోవడానికే పాడి చూసుకుంటున్నా, తినడానికే పంట పండించుకుంటున్నా వారు పనిచేసేవారి కిందే లెక్క. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి చేస్తే ప్రధాన శ్రామికులు. అంటే ప్రభుత్వం రాసిపెట్టిన నియమం నన్ను పనిచేసే మనిషిగానే చూసింది. మా ఇంటి గడప దగ్గర అడిగిన ప్రశ్న, చెప్పిన జవాబు మాత్రం చూడలేదు.

నా పుట్టిల్లు నెల్లూరు జిల్లా కలిగిరి వైపు. 1992లో ఆ వైపే ఉన్న దూబగుంట ఊరి నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా అమ్మ పొయ్యి మీద అన్నం దించి, నాన్నకు మూతపెట్టి, అప్పుడు తోటి ఆడవాళ్లతో సారా కొట్టు దగ్గరికి వెళ్లేది. తిరిగి వచ్చాక అందరూ తిన్న తర్వాతే తను తినేది. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరులో, రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. ప్రభుత్వం చేత నిర్ణయం మార్పించిన ఆ ఆడవాళ్లలో ఎందరు కాగితాల మీద ‘ఇంటి పని’గా మిగిలిపోయారో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక ఇంటి పని సంగతి. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నట్లు తేలింది. ఆ పనులు ముట్టుకునే మగవాళ్లు నూటికి 26 మందే. ఈ అయిదు గంటలు నా గేదెలకూ పొగాకుకూ అదనం.

2027 ఫిబ్రవరిలో మళ్లీ జనాభా లెక్కలు జరగనున్నాయి. మళ్లీ మా ఊళ్లో బ్యారన్లు మండుతున్న రోజుల్లోనే జరుగుతాయి. ఈసారి ఇంటివాళ్లే వివరాలు నమోదు చేసుకునే వీలు కూడా ఉన్నందువల్ల, ఇంటి మగవారు ఫోనులో నింపి పంపితే ఆ ఒక్క ప్రశ్న కూడా మన దాకా రాదు. కాబట్టి ఇంటింటికీ వచ్చే ఉపాధ్యాయులకు నా విన్నపం: “మీ ఆవిడ ఏం చేస్తారు?” అని భర్తను అడగకండి. ఆమెనే పిలిచి, పాలు ఎవరు పితుకుతారు, ఆకు ఎవరు అల్లుతారు, మిరప ఎవరు కోస్తారు, ఎన్ని నెలలు చేస్తారు అని పని పేరు పెట్టి అడగండి. ఊరికే ఏం పని అంటే మాలో చాలామంది “ఏం లేదండీ” అనే అంటాం, అంతగా అలవాటైపోయింది. ఎన్యూమరేటర్లకు ఇచ్చే శిక్షణలో ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలని ప్రకాశం, నెల్లూరు జిల్లాల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పొగాకు రైతు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా