ముందు ఆర్‌సీలో 22వ గడి చూడండి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల కోసం మన పత్రికలు వీసా గురించి, బ్లాక్డ్ అకౌంటు గురించి, అద్దె ఇళ్ల గురించి ఎంతో రాస్తున్నాయి. బండి గురించి రాసేవాళ్లు మాత్రం కనబడరు. ఇక్కడ జర్మనీలో ఉద్యోగం కుదిరి నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే మన కుర్రాళ్లు బండి మీద మనసు పడతారు. అందులోనూ చెన్నై దగ్గర తయారై ఇంతదూరం వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 అయితే ఇక చేతులు ఊరుకోవు. సీటు మార్చాలి, తోక కోసి పొట్టి చేయాలి, హ్యాండిల్ దించాలి, సైలెన్సర్ మార్చాలి. ఇవన్నీ చేసే కస్టమ్ షెడ్లు ఇక్కడ పెద్ద ఊళ్లన్నిటిలో ఉన్నాయి. వాటిలో నమ్మదగినదాన్ని పట్టుకోవడం ఎలాగో చెప్పడానికే ఈ ఉత్తరం.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండి స్వరూపాన్ని మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. అయినా వీధి చివరి షెడ్డులో పొద్దున బండి పెడితే సాయంత్రానికి పని అయిపోతుంది. జర్మనీలో అంతా తలకిందులు. చట్టం మార్పుకు ఒప్పుకుంటుంది, కానీ మార్చిన ప్రతి ముక్కకూ కాగితం అడుగుతుంది. ఈ తేడా తెలియక మన పద్ధతిలోనే బేరం మొదలుపెట్టేవాళ్లు మోసపోతున్నారు.

అందుకే షెడ్డులో అడుగుపెట్టగానే ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది అని అడక్కండి. 'ఐన్‌ట్రాగుంగ్ ఎవరు చేయిస్తారు?' అని అడగండి. చేసిన మార్పును బండి ఆర్‌సీలోకి ఎక్కించడాన్ని ఇక్కడ ఐన్‌ట్రాగుంగ్ అంటారు. పనిమంతుడైన షెడ్డువాడు తడుముకోడు. ఫలానా రోజు ట్యూఫ్, డెక్రా లాంటి వాహన తనిఖీ సంస్థ నుంచి ఇన్‌స్పెక్టర్ మా దగ్గరికే వస్తాడు, కోసేముందే ఆయనకు చూపిస్తాం, ఆ ఫీజు కూడా కొటేషన్‌లో రాస్తాం అంటాడు. 'అది మీరు చూసుకోండి', 'పోలీసులు అవన్నీ పట్టించుకోరు' అన్నవాడి దగ్గర ఇక కూర్చోకండి.

వాట్సాప్ గ్రూపులో 'మావాడు అక్కడే చేయించాడు, అదిరిపోయింది' అని ఎవరైనా చెబితే బండి ఫొటో అడగొద్దు, ఆర్‌సీ ఫొటో అడగండి. ఇక్కడి ఆర్‌సీని ఫార్‌త్సోయిగ్‌షైన్ అంటారు. అందులో 22వ గడి మార్పులు, మినహాయింపులు రాసే చోటు. హ్యాండిల్, సీటు, తోక మార్చిన బండికి ఆ గడి ఖాళీగా ఉంటే ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన రిపోర్టు అయినా ఉండాలి. రెండూ లేకపోతే ఆ షెడ్డు ఎంత అందంగా చేసినా పని సగంలోనే వదిలేసిందని అర్థం.

కాగితాల్లో నాలుగు మెట్లున్నాయి. మొదటిది 'E' మార్కు: గుండ్రటి గీత లోపల ఇంగ్లిష్ 'E' అక్షరం, పక్కన దేశం అంకె. 1 అంటే జర్మనీ. ఇండికేటర్లు, లైట్లు, అద్దాలకు ఇది తప్పనిసరి, సరిగ్గా బిగిస్తే వేరే పరీక్ష ఉండదు. మన దేశం 1958 నాటి ఆ అంతర్జాతీయ ఒప్పందంలో లేదు కాబట్టి హైదరాబాద్ పుత్లీబౌలీలో కొని సూట్‌కేసులో తెచ్చిన ఇండికేటర్ ఎంత నాణ్యమైనదైనా ఈ మార్కు లేకపోతే ఇక్కడ చెల్లదు. రెండోది ఏబీఈ: ఆ సామాను ఫలానా మోడల్‌కు పనికొస్తుందని ముందే ఇచ్చిన అనుమతి, బండితోపాటు దగ్గర ఉంచుకోవాలి. మూడోది టైలెగుటాఖ్టెన్: సామాను బిగించాక ఆలస్యం చేయకుండా ఇన్‌స్పెక్టర్‌కు చూపించి సంతకం చేయించుకోవాలి. నాలుగోది ఐన్‌త్సెల్‌అబ్నామె: ఏ కాగితమూ లేనప్పుడు ఆ ఒక్క బండినే విడిగా పరీక్షించి ఇచ్చే ఆమోదం. ఖర్చూ శ్రమా అన్నిటికన్నా ఎక్కువ దీనికే.

ఎక్కువమంది దెబ్బతినేది రెండో మెట్టు దగ్గర. ఏబీఈ ఉంది కదా అని హ్యాండిల్ కొంటారు. ఆ కాగితం చివరి పేజీల్లో షరతులుంటాయి: కంపెనీ బ్రేక్ పైపులూ కేబుళ్లూ అలాగే ఉంటేనే చెల్లుతుందని రాసి ఉండొచ్చు. స్టీల్ అల్లిక బ్రేక్ పైపులకూ వేరే ఏబీఈ ఉంటుంది. విడివిడిగా రెండూ సక్రమమే, కలిపి వేస్తే మాత్రం పరీక్ష కావాలి. ఇది మనం అడక్కుండానే చెప్పే షెడ్డు దొరికిందంటే సగం వెతుకులాట అయిపోయినట్టే.

కాగితం లేని మార్పుతో తిరిగితే ఆ బండికి రోడ్డెక్కే అనుమతే రద్దయ్యే పరిస్థితి వస్తుంది. ఆ మార్పు వల్ల ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ అవతలివాళ్లకు పరిహారం ఇచ్చి, ఆ డబ్బులో 5,000 యూరోల దాకా మన దగ్గర వసూలు చేసుకోవచ్చు. మన బండికి రావాల్సిన పరిహారంలోనూ కోత పడొచ్చు. ఇంకో మాట, మన దేశపు లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డాక 6 నెలలే చెల్లుతుంది. అది తేల్చుకోకుండా బండి మీద డబ్బు పోయొద్దు.

ఇక అసలు పని సంగతి. షెడ్డు పనితనం తెలుసుకోవాలంటే తోక కోసే విధానం చూడండి. వెనక ఫ్రేము కోసి గుండ్రటి లూపు అతికించడం చూడ్డానికి గంట పని. సరైన పద్ధతి ఇది: కోత ఎప్పుడూ షాకబ్జార్బర్ పై బిగింపుకు వెనకే పడాలి, ముందుకు జరగకూడదు. లూపు గొట్టం బయటి కొలత, లోహం మందం ఫ్రేముకు సరిపోవాలి. రెండు గొట్టాలు కలిసేచోట లోపల బిగుతుగా పట్టే ఇనుప ముక్కను అటు 40, ఇటు 40 మిల్లీమీటర్లకు తగ్గకుండా దూర్చాలి. గొట్టానికి రంధ్రాలు వేసి వాటిలోంచి ఆ ముక్కను వెల్డింగుతో పట్టించాలి, తర్వాతే అంచులు ఏటవాలుగా అరగదీసి చుట్టూ టిగ్ వెల్డింగ్ చేయాలి. బద్ధకస్తులు గొట్టాలను ఎదురెదురుగా ఆనించి పైపైన అతికించి, గ్రైండర్‌తో నున్నగా చేసి, లప్పం పెట్టి రంగు కొడతారు. కొత్తలో తేడా కనబడదు. ఇంజిను అదురుకు పగులు వెల్డింగ్ మీద కాదు, దాని పక్కన, వేడికి లోహం గుణం మారిన అంచులో మొదలవుతుంది. రంగు వేయకముందు ఫొటోలు తీసి ఇస్తామని కొటేషన్‌లో రాయించుకోండి. ఇన్‌స్పెక్టర్ కూడా వెల్డింగ్ చేసిన మనిషి సర్టిఫికెట్ అడుగుతాడు. అది లేని షెడ్డులో ఫ్రేము ముట్టుకోనివ్వొద్దు. ప్రధాన ఫ్రేము మీద వెల్డింగ్ అంటే మాత్రం ఎక్కడైనా వద్దనే నా మాట.

తోక పొట్టి చేశాక టైరు ఎక్కడ తగులుతుందో చూసే పద్ధతీ ఒకటే: షాకబ్జార్బర్ స్ప్రింగులు విప్పి, చక్రాన్ని పైకి ఆగేదాకా లేపి, సీటు కింద వైర్లకూ మడ్‌గార్డుకూ ఎంత సందుందో కొలవాలి. బండి స్టాండు మీద ఉండగా చూసి 'చాలా జాగా ఉంది' అనడం పరీక్ష కాదు. ఇద్దరు కూర్చునే సీటు ఒక్కరికి కుదిస్తే ఆర్‌సీలో సీట్ల సంఖ్య రాసే ఎస్.1 గడి మారాలి, వెనక ఫుట్‌రెస్టులు తీసేయాలి. నంబర్ ప్లేటు నిలువు నుంచి 30 డిగ్రీలకు మించి పైకి వాలకూడదు. ఇండికేటర్ల మధ్య ఎడం ముందు 240, వెనక 180 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఈ అంకెలు నోటికి రాని షెడ్డువాడు కస్టమ్ పనికి కొత్తవాడు.

సైలెన్సర్ విషయంలో మన ఊరి 'డబ్‌డబ్' ఆశ కాస్త అణచుకోవాలి. ఆర్‌సీలో యూ.1 గడిలో నిలబడి ఉన్నప్పటి శబ్దం డెసిబెల్స్‌లో ఉంటుంది. గొట్టం చివరి నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో కొలుస్తారు. 2020 వేసవి నుంచి ఆస్ట్రియాలోని టిరోల్‌లో కొన్ని కొండదారుల మీద ఆ గడిలో 95 దాటిన బండ్లను రానివ్వకుండా ఆపారు. మ్యూనిక్, స్టుట్‌గార్ట్ వాళ్లు వారాంతాల్లో ఎక్కువగా వెళ్లేది ఆ కొండలకే. సైలెన్సర్ లోపల శబ్దం తగ్గించే డీబీ కిల్లర్ ముక్క పీకేసి ఇస్తానన్న షెడ్డు మిగతా పనిలోనూ అంతే నిజాయతీగా ఉంటుంది. ఇంజినుకు గాలి అందించే పెట్టె, ఎయిర్‌బాక్స్ తీసి శంకు ఫిల్టర్లు వేయడం కూడా వద్దు. గాలి ఎక్కువై పెట్రోలు పాలు తగ్గుతుంది, నడిమి వేగంలో ఇంజిను తడబడుతుంది, పైగా పొగ పరీక్ష రిపోర్టు ఖర్చు ఫిల్టర్ల ధరకు ఎన్నో రెట్లు.

వైరింగ్ చూడాలంటే హెడ్‌లైట్ విప్పి చూపించమనండి. వైరును కోయకుండా మీద నొక్కి పట్టించే రంగురంగుల ప్లాస్టిక్ క్లిప్పులు కనబడితే అక్కడ ఆగిపోండి. అవి రాగి పోగుల్ని కొరికేస్తాయి, లోపలికి నీరు చేరుతుంది, రెండు చలికాలాలకు రాగి పచ్చబడి లైట్లు మొండికేస్తాయి. వైర్ల కొసల్ని లోహపు తొడుగులో నొక్కి సరిగ్గా క్రింప్ చేసి, పైన వేడికి బిగుసుకునే గొట్టం తొడిగి ఉండాలి. ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేశాక గబగబా కొట్టుకుంటుంటే బల్బు పోయిందని పాత రిలే అనుకుంటోందన్నమాట. ఎల్‌ఈడీకి తగిన రిలే మార్చాలి. రెసిస్టర్ తగిలించి సరిపెడితే అది బాగా వేడెక్కి పక్కనున్న ప్లాస్టిక్‌ను కరిగించొచ్చు.

డబ్బు దగ్గరికొస్తే, మోటార్‌సైకిల్ రిపేరు ఇక్కడ మైస్టర్ అనే నిపుణుడి అర్హత కావాల్సిన వృత్తి. షెడ్డు పేరు హాండ్‌వెర్క్స్‌కామర్ అనే వృత్తి మండలి జాబితాలో ఉందో లేదో అడిగి తెలుసుకోవచ్చు. అంచనాకు కోస్టెన్‌ఫోరాన్‌ష్లాగ్ అని పేరు. ఖర్చు దాన్ని బాగా మించేట్టుంటే వెంటనే చెప్పడం షెడ్డు బాధ్యత, అప్పుడు పని ఆపించి అయినంతవరకే కట్టే హక్కు మనకుంది. ధరలో 19 శాతం పన్ను కలిసిందో లేదో చూసుకోండి. బిల్లు వద్దంటే తగ్గిస్తానన్న మాటకు మాత్రం పడొద్దు. పన్ను ఎగవేయడానికి బిల్లు లేకుండా చేసిన పనిలో లోపం వస్తే కస్టమర్‌కు ఏ హక్కూ ఉండదని జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు 2013 ఆగస్టులో తేల్చేసింది. బిల్లుంటే మామూలుగా పనిలో లోపాలకు 2 ఏళ్లు అడగొచ్చు. డబ్బు కట్టేదాకా బండి ఆపుకునే హక్కు షెడ్డుకూ ఉంది, కాబట్టి అడ్వాన్సు మొత్తం, సామాను ఎవరు కొనాలి, పని పూర్తయ్యే తేదీ అన్నీ రాతలో ఉండాలి. తీసేసిన పాత సామాను తిరిగి అడగండి, రేపు బండి అమ్మేటప్పుడు అదే విలువ నిలబెడుతుంది. ఫార్‌త్సోయిగ్‌బ్రీఫ్ అనే యాజమాన్య పత్రం మాత్రం షెడ్డులో వదలొద్దు. ఇన్‌స్పెక్టర్‌కు సాధారణంగా ఆర్‌సీ చాలు, బ్రీఫ్ కావాల్సింది రిజిస్ట్రేషన్ ఆఫీసులో, అక్కడికి మనమే తీసుకెళ్లొచ్చు.

బండి ఇచ్చే రోజు తొందరపడకుండా పగటిపూట వెళ్లండి. ఇంజిను ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ను ఎడమ చివరి నుంచి కుడి చివరిదాకా నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా ఇంజిను శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుందని అర్థం, మలుపులో బండి తనంతట తానే ముందుకు దూకుతుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ట్యాంకుకూ పిడికిలికీ మధ్య వేళ్లు నలగకుండా సందుండాలి. ముందు చక్రం గాలిలోకి లేపి ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు కూడా బ్రేక్ పైపు లాగినట్టు ఉండకూడదు. బ్రేక్ లీవర్ ఒక నిమిషం గట్టిగా పట్టి ఉంచండి, మెల్లగా లోపలికి దిగితే ఎక్కడో నూనె కారుతోంది. చాలాసార్లు కారణం బ్రేక్ పైపు బోల్టు దగ్గర పాత రాగి వాషరే మళ్లీ వాడటం. వేరే కంపెనీ కాలిపర్ (బ్రేకు డిస్కును పట్టే భాగం) వేసి ఉంటే బోల్టు మర కూడా అడగండి, 10 మిల్లీమీటర్ల బోల్టులోనే 1.0 మర, 1.25 మర అని రెండున్నాయి. ఒకదాని చోట మరొకటి రెండు చుట్లు ఎక్కి బిగిసినట్టే అనిపిస్తుంది.

ఏప్రిల్‌లో ఏ మంచి షెడ్డులోనూ ఖాళీ ఉండదు. అక్టోబరు, నవంబరులో మార్పుల పట్టిక రాసుకుని ముందు ఇన్‌స్పెక్టర్‌ను కలిస్తే, ఏది సాగుతుందో ఏది సాగదో సామాను కొనకముందే తెలుస్తుంది. ఆ పట్టికతో రెండు మూడు షెడ్లలో కొటేషన్ తీసుకోవడానికి చలికాలమంతా ఉంటుంది. మీ ప్రవాసుల పేజీలో ఈ జర్మన్ కాగితాల పేర్లు తెలుగు అర్థాలతో ఒక చిన్న పట్టికగా వేయమని మనవి. కుర్రాళ్లు దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని షెడ్డుకు పట్టుకెళ్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
స్టుట్‌గార్ట్, జర్మనీ