కలకత్తా యాత్ర: ముందు సోమవారం సంగతి తేల్చుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారములు.

కలకత్తా నగరాన్ని వారం రోజుల్లో చూసి రావడం గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చూడవలసిన స్థలాల పేర్లు దాదాపు అన్నీ అందులో ఉన్నాయి, ఛాయాచిత్రాలు కూడా బాగున్నాయి. అయితే ఆ కాగితాన్ని కత్తిరించి సంచిలో పెట్టుకుని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బండెక్కబోయే కుటుంబానికి అన్నిటికంటే ముందు తెలియవలసిన విషయం, అంటే ఏ స్థలం వారంలో ఏ రోజు మూసి ఉంటుందన్న వివరం, మొత్తం వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. మా ఆమదాలవలసలో బంధువులు, వీధిలోనివారు ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నప్పుడు కాగితం, కలం పట్టుకుని మా ఇంటికి రావడం అలవాటు గనుక, ఈ లోటు ఎంత ఇబ్బంది పెడుతుందో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

కలకత్తాలో సోమవారం నాడు ఇండియన్ మ్యూజియం తెరవరు. విక్టోరియా మెమోరియల్ తోటలోకి వెళ్లనిస్తారు గాని లోపలి గ్యాలరీలు మూసే ఉంటాయి. జొరాసాంకోలోని ఠాగూరు ఇల్లు, ఎల్గిన్ రోడ్డులోని నేతాజీ భవన్, శివ్‌పూర్ బొటానికల్ గార్డెన్ కూడా సోమవారమే సెలవు తీసుకుంటాయి. ఆలీపూర్ జంతు ప్రదర్శనశాలకు, మదర్ థెరెసా సమాధి ఉన్న మదర్ హౌస్‌కు గురువారం సెలవు. మార్బుల్ ప్యాలెస్‌కు సోమవారం, గురువారం రెండూ సెలవులే కాక, తెరిచి ఉన్న రోజుల్లో కూడా పర్యాటక శాఖ కార్యాలయం నుంచి ముందుగా అనుమతి పత్రం తెచ్చుకున్నవారినే లోపలికి పంపిస్తారు. కాలేజీ స్ట్రీట్ పుస్తకాల దుకాణాలు చాలావరకు ఆదివారం మూసి ఉంటాయి. ఇప్పుడు మన కుటుంబాలు బయలుదేరే తీరు చూడండి. ఉద్యోగస్తులకు సెలవు కలిసొస్తుందని శనివారం రాత్రో ఆదివారం పొద్దున్నో బండెక్కుతారు. ఆదివారం రాత్రికి అక్కడ దిగితే, ఊరు చూడడానికి చేతికి వచ్చే మొదటి పూర్తి రోజు సరిగ్గా సోమవారమే అవుతుంది. చాలా ప్యాకేజీ కరపత్రాల్లో మొదటి రోజు కింద మ్యూజియం, విక్టోరియా అనే అచ్చు వేసి ఉంటుంది. ఆ రోజు వారంలో ఏ రోజవుతుందో కరపత్రం అచ్చు వేసినవారికి పట్టదు, డబ్బు కట్టినవారు అడగరు.

అందువల్ల ఎవరైనా ప్రణాళిక వేసుకునేటప్పుడు స్థలాల జాబితాతో కాక క్యాలెండరుతో మొదలుపెట్టాలని, అందులోనూ సోమవారాన్ని ముందుగా గుళ్లకు, నదికి కేటాయించాలని నా అభిప్రాయం. రాణీ రాస్‌మణి కట్టించిన దక్షిణేశ్వరం కాళీ ఆలయం 1855 నాటిది, దానికి సోమవారం సెలవు లేదు. పైగా మంగళ, శనివారాల్లో అక్కడా కాళీఘాట్‌లోనూ ఉండే రద్దీ సోమవారం ఉండదు. మెట్రో దక్షిణేశ్వరం దాకా వెళ్తుంది. అయితే అక్కడ కూడా మధ్యాహ్నం కొన్ని గంటలు తలుపులు వేస్తారు, నదికి అవతలి ఒడ్డున ఉన్న బేలూరు మఠంలోనూ అంతే. తొమ్మిదింటికి హోటల్లో టిఫిన్ ముగించి తీరిగ్గా బయలుదేరినవారికి ఈ రెండింటిలో ఒకటి తప్పకుండా మూసి కనిపిస్తుంది. తెల్లవారగానే దక్షిణేశ్వరం చేరుకుని, దర్శనం కాగానే రేవులో పడవ ఎక్కి బేలూరు వెళ్తే, వివేకానందుల సమాధి మందిరం, 1938లో ప్రతిష్ఠ జరిగిన పెద్ద ఆలయం మధ్యాహ్నం లోపల చూడవచ్చు. సెల్‌ఫోన్లు, సంచులు బయట అప్పగించి లోపలికి వెళ్లవలసి ఉంటుంది గనుక నలుగురైదుగురు వెళ్లేటప్పుడు ఒకే సంచి తీసుకెళ్లడం మేలు.

వారం అనే మాట దగ్గర కూడా కొంచెం జాగ్రత్త అవసరం. మన స్టేషన్ల నుంచి హౌరా సుమారు 750 కిలోమీటర్ల పైమాటే. రానుపోను ప్రయాణానికి చెరొక రోజు పోగా చేతిలో మిగిలేవి ఐదు రోజులు. ఇందులో మళ్లీ మన జిల్లా వారికి ప్రత్యేకమైన ఖర్చు ఒకటుంది. రైల్వే ఉద్యోగానికి వెళ్లి ఖరగ్‌పూర్‌లోనే స్థిరపడిపోయిన పెదనాన్నో మేనమామో ఉన్న కుటుంబాలు ఇక్కడ తక్కువేమీ కాదు, అంత దూరం వెళ్లి వారి గుమ్మం తొక్కకుండా వస్తే తరువాత పెళ్లిళ్లలో మాట పడవలసి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఒక పూట వారికి ముందే కేటాయించడం మంచిది. అంటే నాలుగున్నర రోజులు. ఈ నాలుగున్నర రోజుల్లోనే సుందరవనాలు, గంగాసాగర్, దీఘా, మాయాపూర్ కూడా చూపిస్తామనే వారి మాట నమ్మకపోవడం మంచిది. సుందరవనాలకు కనీసం ఒక రాత్రి అక్కడ ఉండి రావాలి. శాంతినికేతన్ ఒక్కటే పొద్దున్న హౌరాలో బండెక్కి రాత్రికి తిరిగి రాగలిగినంత దగ్గరలో ఉంది. కాని అక్కడి విశ్వభారతి విశ్వవిద్యాలయానికి వారపు సెలవు బుధవారం గనుక ఆ రోజు మాత్రం వెళ్లకూడదు.

రైలు టికెట్ల విషయంలో రెండు సంగతులు చెప్పాలి. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. తెరిచిన తొలి వేళల్లో ఆన్‌లైన్లో తీసుకోవాలంటే ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. పైగా సికింద్రాబాదు నుంచో చెన్నై నుంచో వచ్చే బళ్లలో మధ్య స్టేషన్ల కోటా వేరు, ఆ వెయిటింగ్ లిస్టు బండి బయలుదేరే ఊరి లిస్టులా తొందరగా కదలదు. వెయిటింగ్ లిస్టు నంబరు చిన్నదే కదా అని ధైర్యంగా ఉండిపోయేవారు ఈ తేడా గమనించాలి. రెండో సంగతి, అన్ని బళ్లూ హౌరాలో ఆగవు. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ వంటివి ఇప్పుడు షాలిమార్ దాకానే వెళ్తున్నాయి. హౌరాలో దిగితే స్టేషను నుంచే మెట్రో దొరుకుతుంది. షాలిమార్‌లో ఆ సదుపాయం లేదు, సామానుతో, పెద్దవారితో టాక్సీ వెతుక్కోవాలి. టికెట్టు మీద చివరి స్టేషను పేరు చదువుకుని దాన్ని బట్టి బస ఏర్పాటు చేసుకోవాలి.

బస గురించి నేను అందరికీ చెప్పేది ఒక్కటే. హౌరా స్టేషను ఎదురుగా చవకగా దొరికే లాడ్జీల్లో దిగవద్దు, ఎస్‌ప్లనేడ్, పార్కు స్ట్రీట్ మధ్య ఎక్కడైనా మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగల దూరంలో గది తీసుకోండి. గదికి కొంత ఎక్కువ పెట్టినా టాక్సీ ఖర్చులో అది తిరిగి వస్తుంది. 1984లో దేశంలో మొట్టమొదటి మెట్రో ఈ ఊళ్లోనే మొదలైంది. 2024 మార్చిలో హౌరా నుంచి ఎస్‌ప్లనేడ్ వరకు హుగ్లీ నది అడుగున మెట్రో నడవడం ప్రారంభమైంది, 2025 ఆగస్టులో సియాల్దా కూడా ఆ మార్గంలో కలిసింది. నది కింద సొరంగం సుమారు 520 మీటర్లు, ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. పిల్లలు కిటికీలోంచి నీళ్లు కనిపిస్తాయని ఆశపడతారు, ఏమీ కనిపించదు. నది చూడాలంటే హౌరా రేవులో కొద్ది రూపాయల టికెట్టు తీసుకుని ఫెర్రీ ఎక్కాలి. 1943లో తెరిచిన హౌరా వంతెనను మీద నుంచి నడుస్తూ చూసినదానికంటే నీటి మీద నుంచి తలెత్తి చూసినప్పుడే దాని పరిమాణం తెలుస్తుంది. కలకత్తా వైపు వంతెన మొదట్లోనే మల్లిక్ ఘాట్ పూల మార్కెట్టు ఉంది, మన బంతిపూల వ్యాపారులు కూడా నోరు తెరిచేటన్ని దండలు తెల్లవారుజామున అక్కడ దిగుతాయి. ట్రాముల గురించి మాత్రం మీ వ్యాసంలోని వాక్యం పాతబడింది. ఎస్‌ప్లనేడ్, మైదాన్ మధ్య దారి తప్ప మిగిలిన ట్రాములను ఎత్తివేస్తామని అక్కడి ప్రభుత్వం 2024లోనే ప్రకటించింది గనుక ఊరంతా ట్రాములో తిరగవచ్చని ఎవరికీ చెప్పకూడదు.

ఇండియన్ మ్యూజియానికి మీ వ్యాసం ఒక గంట కేటాయించింది. 1814లో ఏర్పడిన ఆ సంస్థకు ఒక పూట పూర్తిగా ఇవ్వాలి. అందరూ ఈజిప్టు మమ్మీ దగ్గరకే పరుగెత్తుతారు గాని, శాలిహుండం కొండ ఎక్కినవారు, రామతీర్థం బౌద్ధ శిథిలాలు చూసినవారు నిలబడవలసిన చోటు భర్హుత్ గ్యాలరీ. మధ్యప్రదేశ్‌లోని భర్హుత్‌లో క్రీస్తు పూర్వపు బౌద్ధ స్తూపం చుట్టూ ఉండిన ఎర్రరాతి ప్రాకారాన్ని అక్కడికి తెచ్చి నిలబెట్టారు. గుండ్రని చెక్కడాల్లో జాతక కథలు, వాటి పక్కన ఆ కథ ఏదో చెప్పే బ్రాహ్మీ అక్షరాలు ఉంటాయి. చదువు రాని యాత్రికుడికి బొమ్మ, చదువు వచ్చినవాడికి పేరు అన్నట్టుగా, రెండు వేల ఏళ్ల కిందటే ప్రదర్శనకు శీర్షిక పెట్టే పద్ధతి ఉందని ఆ రాళ్లు చూస్తే తెలుస్తుంది. నేతాజీ భవన్‌లో 1941 జనవరిలో ఆయన గృహ నిర్బంధం తప్పించుకుని వెళ్లిన వాండరర్ కారు ఉంది, పిల్లలకు దానికి మించిన చరిత్ర పాఠం ఉండదు. విక్టోరియా మెమోరియల్ అందంగానే ఉంటుంది, కాని బయట తోటలో గడిపిన సాయంత్రమే ఎక్కువమందికి గుర్తుంటుందని నా అనుభవం.

పెద్దవారు వెంట ఉంటే బొటానికల్ గార్డెన్ వదలవద్దు. 1787లో ఏర్పడిన ఈ తోటలోని మహా మర్రి వయసు 250 ఏళ్లకు పైబడి ఉంటుంది. తెగులు సోకడంతో మూల కాండాన్ని 1925లోనే తొలగించారు, నేల తాకిన వేల ఊడల మీదే చెట్టు బతుకుతూ ఇప్పటికీ పక్కలకు పాకుతోంది. మొదలెక్కడుందని వెతికేవారికి అది కనిపించదు. వ్యవసాయం చేసిన చేతులున్నవారు ఆ చెట్టు కింద ఎంతసేపైనా నిలబడతారు.

కాలేజీ స్ట్రీట్‌కు ఒక మధ్యాహ్నం సరిపోతుంది. విజయనగరంలో ఉండి గురజాడ ఇంగ్లీషులో రాసిన కవితను మెచ్చుకుని, సొంత భాషలో రాయమని సలహా ఇచ్చిన శంభుచంద్ర ముఖర్జీ కలకత్తా పత్రికా సంపాదకుడేనన్న సంగతి మీకు నేను గుర్తుచేయనక్కరలేదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారి కోసం రాసేటప్పుడు ఇలాంటి వాక్యం ఒకటి ఉంటే బాగుండేది.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. మే, జూన్ నెలల్లో ఉక్కపోత భరించలేము, వర్షాకాలంలో వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. కాని పిల్లల సెలవులను బట్టి మనవాళ్లు దసరాకో సంక్రాంతికో వెళ్తారు. దసరాలో వెళ్లేవారు తాము దుర్గాపూజకు వెళ్తున్నారో నగరం చూడడానికి వెళ్తున్నారో ముందు తేల్చుకోవాలి, రెండూ ఒకేసారి కుదరవు. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ ఉత్సవంలో పందిళ్లు, దీపాలు చూడవలసినవే, అయితే ఆ రోజుల్లో దారులు మళ్లిస్తారు, గదుల అద్దెలు పెరుగుతాయి, చాలా కార్యాలయాలు తెరవరు. పూజకు కొన్ని రోజుల ముందే వెళ్తే కుమార్‌టులీ సందుల్లో ఎండుగడ్డి మీద మట్టి మెత్తి విగ్రహాలు చేయడం చూడవచ్చు, అది పందిళ్లకంటే బాగుంటుంది. విజయనగరం వారికి ఇంకొక చిక్కు ఉంది. విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ఆ లోగా ఇంటికి చేరాలి. పైగా అక్టోబరు మన తీరానికి తుపానుల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన తీరం దాటినప్పుడు ఈ మార్గంలో రైళ్లు నిలిచిపోయాయి. సిరిమానుకు ముందు రోజు దిగేలా తిరుగు టికెట్టు తీసుకోకుండా ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. సంక్రాంతికి వెళ్లేవారు గంగాసాగర్ యాత్రికులతో బాబూఘాట్ పరిసరాలు నిండిపోతాయని తెలుసుకుని, ఆ రెండు మూడు రోజులు రేవుల జోలికి పోకుండా మ్యూజియాలు పెట్టుకోవచ్చు.

భోజనం గురించి రాయవలసినంత లేదు. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, ఆవనూనె వాసన పడనివారు అడిగి తినాలి.

ఇకపై ఏ నగరం గురించి ఇలాంటి వ్యాసం ప్రచురించినా, ఫొటోల్లో ఒకటి తగ్గించి ఆ చోటులో చిన్న పట్టిక వేయవలసిందిగా కోరుతున్నాను. స్థలం పేరు, వారంలో సెలవు రోజు, మధ్యాహ్నం మూసే వేళ ఉంటే దానిని, దగ్గరి మెట్రో స్టేషనును, మన జిల్లాల నుంచి వెళ్లే బళ్లు ఏ స్టేషనులో ముగుస్తాయో దానిని అందులో ఇవ్వవచ్చు. వేళలు మారుతుంటాయి గనుక ఆయా సంస్థల అధికారిక ప్రకటనలతో సరిచూసి వేయాలి. కలకత్తాకు సంబంధించిన పట్టికను దసరా రిజర్వేషన్లు తెరుచుకోకముందే, ఆగస్టు మొదటి వారాల్లో ప్రచురిస్తే, ఈ ఏడాది వెళ్లేవారికి టికెట్టు తేదీ ఎంచుకునేటప్పుడే పనికొస్తుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా.