రిపోర్ట్ జాబ్ వాడేవాళ్లు ఒకసారి చూడండి
రాత్రి రిపోర్ట్ ఎందుకు రాలేదో దొరికింది, గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఇరుక్కుని ఫోన్‌లోనే లాగ్స్ చూశా. మనం రిక్వెస్ట్ కొడితే సర్వీస్ టెంప్లేట్‌లో తేదీ నింపి కుబర్నెటీస్‌లో (సర్వర్ల మీద మన ప్రోగ్రాములు నడిపే సిస్టమ్) జాబ్, అంటే ఒకసారి నడిచి అయిపోయే పని, క్రియేట్ చేస్తది కదా, అందులో పేరు ఫిక్స్‌డ్‌గా పెట్టేశాం, మొన్నటి జాబ్ అయిపోయినా అదే పేరుతో అక్కడే కూర్చుంది, అందుకే 409, అంటే ఆ పేరు ఇప్పటికే ఉందనే ఎర్రర్. ఇప్పుడు ఫిక్స్‌డ్ పేరు బదులు జనరేట్‌నేమ్ సెట్టింగ్ పెట్టా, పేరు చివర్లో ర్యాండమ్‌గా 5 అక్షరాలు కుబర్నెటీసే తగిలిస్తది, కానీ kubectl అప్లై కమాండ్‌తో నడవదు, క్రియేట్ కమాండ్ వాడాలి. ఇంకోటి, ప్రతిసారీ పేరు కొత్తది కాబట్టి ఇక డూప్లికేట్ ఆపేవాడు లేడు, రెండుసార్లు నొక్కితే రెండు జాబ్‌లు లేస్తాయి, జర ఆగండి భయ్యా. అయిపోయిన జాబ్ 3600 సెకన్లకి దానంతటదే పోయేలా టీటీఎల్ (ఎంతసేపు ఉంచాలనే గడువు) పెట్టా, లాగ్స్ కావాలంటే ఆలోపే తీస్కోండి. బ్యాకాఫ్ లిమిట్, అంటే ఫెయిలైతే ఎన్నిసార్లు మళ్లీ ట్రై చేయాలనేది, డిఫాల్ట్ 6 ఉంటది, 1 చేశా, ఫెయిలైన ప్రతిసారీ క్లయింట్‌కి మళ్లీ మెయిల్ పోతోంది మరి.