శనివారం బైబిల్ స్టడీ: ఈసారి చీటీలో ఏమీ అడగొద్దు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఈ శనివారం సాయంత్రం 6 గంటలకు ఎప్పటిలాగే ఎంవీపీ కాలనీలో మా మేడ మీద కలుద్దాం. వాన పడితే కింద హాల్లో.

పోయిన వారం ప్రార్థన చీటీలు చదివాం కదా. ఉద్యోగం, వీసా, హౌస్ లోన్, పిల్లల ర్యాంకు... అడగడం తప్పు కాదు, అడగమని యేసు ప్రభువే చెప్పారు. కానీ ఇరవై చీటీల్లో ఒక్కటీ ‘నువ్వే చాలు’ అనలేదు. (వీసా చీటీ నాదే, ఎవరినీ అనడం లేదు!)

అందుకే ఈసారి యోబు 1:9. ‘ఊరికేనా యోబు దేవుడంటే భయభక్తులతో ఉన్నాడు?’ అని సాతాను వేసిన ప్రశ్న అది. దేవుడు యోబు చుట్టూ వేసిన కంచె, అంటే ఆయన కాపుదల, తీసేస్తే భక్తి మిగులుతుందా అని వాడి అనుమానం. దానియేలు 3:16-18 కూడా చదివి రండి. అగ్నిగుండం ముందు షద్రకు, మేషాకు, అబేద్నెగో ముగ్గురూ నెబుకద్నెజరు రాజుతో ‘మా దేవుడు రక్షించగలడు, రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం’ అన్నారు. నన్ను పట్టుకున్న మాట ఆ ‘రక్షించకపోయినా’. రొట్టెలు తిన్నారు కాబట్టే నన్ను వెతుకుతున్నారని ప్రభువు జనంతో అన్న మాట యోహాను 6:26లో ఉంది, వీలైతే అదీ చూడండి.

ఒక్కొక్కరూ ఒక చీటీ తేవాలి. అందులో దేవుడు ఇచ్చినవి కాదు, ఆయన ఎలాంటివాడో రాయాలి. రెండు లైన్లు చాలు.

గాజువాక నుంచి వచ్చేవాళ్లు సాయంత్రం ట్రాఫిక్ చూసుకుని కాస్త ముందే బయల్దేరండి. టీ, పునుగులు మావి. ఎంతమంది వస్తున్నారో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి, పిండి దానిబట్టే కలపాలి.