కొండ దారులను ముందు ఊడ్పించండి

సంపాదకులకు,

కొండ ప్రాంతపు పల్లె రోడ్లను సైకిల్ పర్యాటకం కోసం రెండు వరుసలకు విస్తరిస్తారన్న వార్త మీ పత్రికలో వచ్చి చాలా రోజులైంది. తెలిసినవాళ్ళు ఎవరైనా జవాబు రాస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు. మొన్న మళ్ళీ అదే వార్త వేశారు, ఈసారి ఫొటోతో. కొత్త సైకిళ్ళ పక్కన అధికారులు వరసగా నిలబడ్డారు. ఆ సైకిళ్ళ సీట్లకు ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. ఆ ఫొటో చూశాక ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

సైకిల్ మీద దూరాలు తిరిగేవాళ్ళు ఆ రోడ్లనే ఎందుకు ఎంచుకుంటారో ఒక్కరిని అడిగినా ఈ ప్రణాళిక పుట్టేది కాదు. అక్కడ బండ్లు తక్కువ. రోడ్డు సన్నగా, వంకరటింకరగా ఉంటుంది కాబట్టి వచ్చే ఆ కాసిని బండ్లు కూడా నెమ్మదిగా వస్తాయి. వెనక లారీ వస్తుంటే ఇంకా దూరంగా ఉండగానే చప్పుడు వినబడుతుంది, పక్కకు జరగడానికి టైముంటుంది. ఎత్తు ఎక్కుతూ చుట్టూ చూసుకుంటూ పోవచ్చు, టెన్షన్ ఉండదు. ఇప్పుడు సైకిళ్ళ పేరు చెప్పి మలుపులు కోసేసి, రోడ్డు వెడల్పు చేస్తే ఏమవుతుంది? బండ్ల వేగం పెరుగుతుంది. రోడ్డు వెడల్పయితే డ్రైవర్లు వేగం పెంచుతారన్నది రోడ్డు ఇంజనీర్లందరికీ తెలిసిన సంగతే. తెలిసీ ఎందుకు చేస్తున్నారన్నదే నా బాధ.

లెక్క వేసి చూడండి. మలుపు తిరిగాక ముందు 30 మీటర్లే కనబడే చోట, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు పొడి రోడ్డు మీద దాదాపు 20 మీటర్లలో ఆగుతుంది. అదే కారు 60లో వస్తే ఆగడానికి 37 మీటర్ల దాకా పడుతుంది. ఆ మలుపు అవతల ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో ఎత్తు ఎక్కుతున్న సైకిల్ ఉంటే? మొదటి కారు సైకిల్‌కు ఇవతలే ఆగుతుంది, రెండోది ఆగదు. ఢీకొట్టే శక్తి కూడా వేగంతో సమానంగా పెరగదు. 40 నుంచి 60కి వెళ్తే అది రెండుంపావు రెట్లవుతుంది. సన్నటి రోడ్డు ఇన్నాళ్ళూ తనంతట తానే ఇస్తున్న రక్షణను డబ్బు ఖర్చుపెట్టి మరీ తీసేస్తున్నారు.

నిజంగా వెడల్పు చేయాలనే ఉంటే ఎక్కడ చేయాలో చెబుతాను. ఎత్తు ఎక్కే వైపు మాత్రమే చేయండి. సంచులతో, సామానుతో కలిపి 90 కిలోలున్న మనిషి 8 శాతం ఎత్తును (అంటే 100 మీటర్లకు 8 మీటర్లు పైకి) గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంటే ఆ బరువును పైకి లాగడానికే 120 వాట్లకు పైగా పోతుంది. మామూలు మనిషి గంటల తరబడి తొక్కగలిగే శక్తి ఇంచుమించు అంతే, అంతకంటే వేగంగా పొమ్మంటే కుదరదు. అంత నెమ్మదిలో సైకిల్ తిన్నగా పోదు, నిలదొక్కుకోవడానికి అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ఎక్కేవాడికి పక్కన చోటు కావాలి. దిగేవాడి సంగతి వేరు. అతను కార్లతో సమానంగా 40లో దిగుతుంటాడు, అంచున పోతే గుంతలో పడతాడు, అతనికి తన వరుస మధ్యలో ఉండడమే క్షేమం. ఇవ్వడానికి మీటరు వెడల్పే ఉంటే దాన్ని రెండు వైపులకూ అర మీటరు చొప్పున పంచితే ఎవరికీ పనికిరాదు. మొత్తం ఎక్కే వైపే ఇవ్వాలి. ఇంత చిన్న విషయం ఆ ప్రణాళికలో ఒక్క వాక్యంగానైనా ఉందా? మీరు వేసిన వార్తలో అయితే లేదు.

ఇక ఉన్న రోడ్ల నిర్వహణ. వాన కురిసిన ప్రతిసారీ కొండ మీది నుంచి ఇసుక, చిన్న కంకర కొట్టుకొచ్చి మలుపు లోపలి అంచున పేరుకుంటుంది. మలుపును కోసుకుపోయే కార్లు మట్టి అంచును తొక్కి ఇంకాస్త కంకరను తారు మీదికి లాగుతాయి. నాలుగు చక్రాల వాహనానికి అది కనబడదు కూడా. దిగుతున్న సైకిల్‌కు మాత్రం ముందు చక్రం ఒరిగి ఉన్నప్పుడే ఆ కంకర ఎదురవుతుంది. అక్కడ బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, వేయకపోతే రోడ్డు దాటి పోతాం. అసలే బ్రేకుల మీద భారం ఎక్కువ. 90 కిలోల బరువుతో 350 మీటర్ల ఎత్తు నుంచి నెమ్మదిగా దిగివస్తే బ్రేకుల్లో పుట్టే వేడి ఒక లీటరు నీళ్ళు మరగడానికి సరిపోతుంది. రిమ్ము బ్రేకులున్న (చక్రపు అంచును పట్టి ఆపే బ్రేకులున్న) సైకిళ్ళకు ఆ వేడికి ట్యూబు పేలిపోవడం టూరింగ్ చేసేవాళ్ళకు కొత్త కాదు. మలుపు దగ్గర ఊడ్చిన రోడ్డు ఎంత అవసరమో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. దానికి కావలసింది చీపుర్లు, మనుషులు, వాన వెలిశాక ఒక పూట పని. టెండరు అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరూ పట్టించుకోవడం లేదేమో.

రోడ్డు మళ్ళీ వేసేటప్పుడు చేసే పని ఇంకా ఘోరం. పాత తారు మీదే కొత్త పొర వేసి, అంచున మట్టి నింపకుండా వెళ్ళిపోతారు. తారుకూ నేలకూ మధ్య నాలుగు వేళ్ళ మందాన మెట్టు మిగిలిపోతుంది. లారీకి దారిచ్చి ఒకసారి కిందికి దిగిన సైకిల్ మళ్ళీ ఆ మెట్టును ఏటవాలుగా ఎక్కబోతే చక్రం అంచుకు రాసుకుని తిరగబడుతుంది. మనిషి రోడ్డు మధ్యలో, వెనక వచ్చే వాహనం ముందు పడతాడు. ఇలాంటి చోటు గురించి నేను ఫొటోలతో సహా ఒక కార్యాలయానికి రాశాను. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. ఆ మెట్టు ఈనాటికీ అలాగే ఉంది. కల్వర్టుల దగ్గర నీళ్ళు పోయే ఇనుప జాలీల సంగతీ అంతే. వాటి కమ్మీలు దారికి అడ్డంగా ఉండాలి. నిలువుగా బిగిస్తే సన్నటి టైరు వాటి మధ్యలో దిగబడిపోతుంది. బిగించేవాడు జాలీని అటు తిప్పితే సరిపోయే పని, రూపాయి అదనపు ఖర్చు లేదు.

ఎత్తు ఎంతో చెప్పే బోర్డులు కూడా కొండ మధ్యలో పాతుతారు. 10 శాతం అంటే 100 మీటర్లు ముందుకు పోతే 10 మీటర్లు పైకి ఎక్కడం. ఆ సంగతి కింద ఉండగానే తెలిస్తే గేరు ముందే దించుకుంటాం. ఎత్తులో పడ్డాక, పెడలు మీద బరువంతా వేసి తొక్కుతున్నప్పుడు గేరు మార్చబోతే చైను కరకరలాడి సరిగా ఎక్కదు, ఒక్కోసారి ఊడిపోతుంది. బోర్డు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పవలసి రావడం బాధగా ఉంది. 1878లో ఇంగ్లండులో మొదలైన సైకిల్ యాత్రికుల క్లబ్బు, ఇంకా కార్లే లేని రోజుల్లో, ప్రమాదకరమైన పల్లపు దారుల దగ్గర సొంత ఖర్చుతో హెచ్చరిక బోర్డులు పెట్టించింది. అమెరికాలో మంచి రోడ్లు కావాలని మొదట గొంతెత్తినవాళ్ళలో సైకిల్ తొక్కేవాళ్ళున్నారు, 1880లో ఏర్పడిన వాళ్ళ సంఘం దాన్నొక ఉద్యమంగా నడిపింది. ఆ రోడ్ల మీదే ఇప్పుడు సైకిల్‌వాడిని అడ్డం తప్పుకోమని హారన్ కొడుతున్నారు.

పక్కనుంచి దాటిపోయే వాహనాల గురించి వార్తలో ఒక్క ముక్క లేదు. జర్మనీలో 2020 నుంచి ఊరి బయట సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం 2 మీటర్లు వదలాలి, ఊళ్ళో ఒకటిన్నర మీటరు. ఫ్రాన్సులో ఊరి బయట ఒకటిన్నర. ఇవి చట్టంలో రాసిన అంకెలు. కొండ రోడ్డు మీద అంత చోటు లేకపోతే ఎదుటి వరుస ఖాళీ అయ్యేదాకా ఆగి దాటాలి. ఆగడం అంటే అర నిమిషం. ఆ అర నిమిషం ఓపిక డ్రైవర్లకు నేర్పించడానికి ఏ పథకమూ లేదు కానీ, మలుపులు పేల్చడానికి మాత్రం నిధులు మంజూరవుతాయి. రోడ్ల శాఖలో ఎప్పుడూ ఇంతే. ప్రారంభోత్సవం చేయడానికి వీలయ్యే పనులే పనులు. ఊడ్చడం, మట్టి నింపడం, చెట్టు కొమ్మ కొట్టి మలుపు అవతల కనబడేలా చేయడం లాంటి వాటికి శిలాఫలకం వేయలేరు కాబట్టి అవి ఏళ్ళ తరబడి ఫైళ్ళలోనే ఉంటాయి. పర్యవేక్షణకు వచ్చే ఇంజనీర్లు అద్దాలు ఎత్తుకుని కారులో వస్తారు. కారు సీటులోంచి కంకర కనబడదు, మెట్టు తెలియదు, ఎత్తు అసలే తెలియదు.

మీ విలేకరిని ఒక పని అడుగుతున్నాను. ఏ మలుపు దగ్గర ఎంత కోస్తున్నారో, పని పూర్తయ్యాక ఆ రోడ్డు మీద వేగ పరిమితి ఎంత పెడతారో, అభ్యంతరాలు చెప్పడానికి గడువు ఎప్పటిదాకా ఉందో కనుక్కుని మ్యాపుతో సహా అచ్చువేయండి. ఆ మలుపులను చివరిసారి ఎప్పుడు ఊడ్చారో కూడా అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు