సమీకరణాల సాధనలో కారణం కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి గణితంలో రేఖీయ సమీకరణాల జతను చరరాశిని తొలగించే పద్ధతిలో సాధించడం మన పిల్లలకు బాగానే వచ్చు. ఒకదాని కింద ఒకటి రాసి, గుణకాలు సమానం చేసి, కింది వరుసకు గుర్తులు మార్చి, గీత గీసి జవాబు తెస్తారు. అయితే ఎందుకు అలా చేస్తున్నారో అడిగితే చెప్పలేరు. ఉద్యోగ విరమణ తరువాత ఇరుగుపొరుగు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మొన్న ఒక అమ్మాయి ఎడమవైపు రెండు పదాలకూ గుర్తులు మార్చి, సమానం గుర్తుకు అవతలి సంఖ్యను మాత్రం అలాగే వదిలేసింది. కారణం అడిగితే, ‘‘అక్కడ ఎక్స్, వై లేవు కదండీ’’ అంది. సమానమైన వాటిలోంచి సమానమైన వాటిని తీసేస్తేనే మిగిలినవి సమానంగా ఉంటాయన్న మూలసూత్రం ఆ పిల్ల దాకా చేరనే లేదు.

ఈ పాఠాన్ని బేరంతో మొదలుపెడితే బాగుంటుందని నా అనుభవం. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో అలాంటి లెక్కే ఇచ్చాడు. మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి వెల 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101. ఒక్కొక్కదాని వెల ఎంత? రెండు బేరాలూ కలిపితే పదహారేసి పండ్లకు 208, కనుక ఒక జతకు 13. మొదటి బేరంలో రెండు వెలగపండ్లు తగ్గి రెండు మాదీఫలాలు పెరిగినందుకు వెల 6 పెరిగింది, అంటే మాదీఫలం వెలగపండు కంటే 3 ఎక్కువ. కాబట్టి మాదీఫలం 8, వెలగపండు 5. గుర్తులు మార్చమని ఎవరూ చెప్పకుండానే పిల్లలు దీన్ని నోటితో చేసేస్తారు.

ఇంకొక చిక్కు ఉంది. 2 పెన్నులు, 3 నోటుపుస్తకాలు 130 రూపాయలు, 4 పెన్నులు, 6 నోటుపుస్తకాలు 250 రూపాయలు అని ఇస్తే, మొదటిదాన్ని రెట్టింపు చేసి రెండోదాన్ని తీసేసినప్పుడు చరరాశులు రెండూ పోయి 0 = 10 అని మిగులుతుంది. తప్పు చేశామనుకుని పిల్లలు గాభరాగా కొట్టేస్తారు. నిజానికి అక్కడ దొరికింది సరైన సమాధానమే: రెండో కొనుగోలులో పది రూపాయలు తగ్గించారు, రెండు కొనుగోళ్లలోనూ ఒకే ధరలు లేవు. గ్రాఫు గీస్తే అవి సమాంతర రేఖలు. అసంగత సమీకరణాలు, అంటే ఉమ్మడి సాధన లేనివి, అన్న మాటను కంఠస్థం చేసిన పిల్లలకే ఈ సంగతి తట్టకపోవడం నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

అందువల్ల పదో తరగతి ప్రశ్నపత్రాలు తయారుచేసే అధికారులకు నాదొక విన్నపం. జవాబును రెండు సమీకరణాల్లోనూ ప్రతిక్షేపించి సరిచూసినందుకు, సాధన లేనిచోట దాని అర్థాన్ని ఒక వాక్యంలో రాసినందుకు విడిగా మార్కులు కేటాయించండి. మార్కులు ఉన్నాయంటే తరగతి గదిలో దానికి సమయం తప్పక దొరుకుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
తూర్పు గోదావరి జిల్లా